ఆర్లియన్సు వీధి మూల భోజనశాల

ఊరి చరిత్రను కోటలలోను, కచేరీ దఫ్తరములలోను వెదకుట మనకు అలవాటు. పదిమంది కూర్చుండి తిన్న బల్లల చెంత వెదకుట అరుదు. అట్టి ఒక భోజనశాల కథను నేడు శ్రోతలకు వినిపింపదలచితిమి. అమెరికాలో, లూసియానా రాష్ట్రమందలి న్యూ ఆర్లియన్సు నగరమున ట్రెమే అను పేట కలదు. అది తరతరములుగా నల్లజాతివారి నివాసము. అచట ఆర్లియన్సు వీధి మూలనున్నది డూకీ చేజ్ భోజనశాల.

ఎడ్గార్ చేజ్, ఎమిలీ దంపతులు 1941లో దీనిని నెలకొల్పిరి. డూకీ అనునది ఎడ్గార్ ముద్దుపేరు. తొలినాళ్ళలో అది సాండ్‌విచ్చులు, లాటరీ టిక్కెట్లు అమ్ము చిన్న అంగడి. పేటవారు సాయంకాలము చేరి ముచ్చటలాడుకొను చోటు. 1946లో వారి కుమారుడు, వాద్యబృంద నాయకుడు, లియా అను యువతిని వివాహమాడెను. ఆమె అంతకుముందు నగరమధ్యమున తెల్లవారి భోజనశాలలో వడ్డన చేసినది. తాను వడ్డించు బల్ల యొద్ద తనవారు కూర్చుండి తినరాని రోజులవి. తెల్లని గుడ్డ పరచిన ఆ బల్ల తన పేటవారికిని దక్కవలెనని ఆమె సంకల్పించెను. గంబో అను చిక్కని పులుసు ఆమె చేతివంటగా పేరుపొందినది. ఆ పేరు ఆఫ్రికా భాషలలో బెండకాయను తెలుపు మాటనుండి వచ్చినదందురు.

తెల్లవారును నల్లవారును ఒకచోట కూర్చుండి తినుట ఆనాటి చట్టమునకు విరుద్ధము. నల్లవారికి మంచి హోటళ్ళలో సభ జరుపుకొను తావును లేదు. అందువలన డూకీ చేజ్ మేడగది వారికి సభామందిరమైనది. న్యాయవాదులు ట్యూరో, థర్‌గుడ్ మార్షల్ అచటికి వచ్చిరి. మార్టిన్ లూథర్ కింగ్ వచ్చెను. 1961లో బస్సులలో సాగిన స్వేచ్ఛాయాత్రికులు అచట భుజించిరి. ఇరుజాతులవారును ఒక గిన్నెలోని గంబోను పంచుకొని కార్యక్రమములు నిర్ణయించుకొనిరి. మన దేశమున సంస్కర్తలు సహపంక్తి భోజనమును వ్రతముగా పట్టిరి. ఇచట అది వంటింటి నిత్యకృత్యమే. అయినను వెల లేకపోలేదు: ఒకసారి ఆ ఇంటిపై బాంబు విసరిరి. ఆ కుటుంబము తలుపు మూయలేదు. 1964లో పౌరహక్కుల చట్టము వచ్చి, ఆ బల్ల చుట్టు అంతవరకు జరిగిన పనికి ప్రభుత్వపు ముద్ర వేసినది.

2005 ఆగస్టులో కత్రినా తుపాను నగరమును ముంచినది. భోజనశాలలో నీరు నిలిచినది. అప్పటికి లియా వయస్సు 82. వృద్ధ దంపతులు ఎదుటనే తాత్కాలికపు బండి యింట నివసించి, దానిని బాగుచేయించిరి. ఇరుగుపొరుగువారును, దూరమువారును తోడ్పడిరి. 2007లో తలుపులు మరల తెరచిరి. భర్త 2016లోను, లియా తన 96వ యేట 2019 జూన్ 1న మరణించిరి.

పొయ్యి ఆరలేదు. ఈస్టరుకు ముందటి గురువారమున తొమ్మిది రకముల ఆకులతో వండు ఆకుకూర గంబో ఆమె నడపిన ఆచారము. ఆమె అనంతరమును మనుమల తరము దానిని నిలిపినది. అమెరికా పౌరహక్కుల చరిత్రను వ్రాయువారు న్యాయస్థానముల తీర్పులతోపాటు ఆ పొయ్యిని కూడ లెక్కింపవలెనని మా మనవి.