సొంత జెట్ స్కీ చెరువు: నిర్మాణం, నిర్వహణ

నీటి మీద ఒకరిద్దరు ఎక్కి నడిపే చిన్న మోటారు బండ్ల కోసం సొంత భూమిలో తవ్వించుకునే, లేదా వాగుకు అడ్డంగా కట్ట వేసి నిలుపుకునే చెరువు ఇది. పెద్ద పెద్ద సొంత కమతాలున్న టెక్సస్ వంటి అమెరికా రాష్ట్రాల్లో ఇలాంటివి కనిపిస్తాయి. పశువులకో చేపలకో ఉన్న పాత చెరువునే కొందరు పెంచి వాడుకుంటారు. అయితే చేపల చెరువుకు చాలిన కొలతలు దీనికి చాలవు. నీరు ఇంకిపోకుండా నిలపడం ఒక ఎత్తయితే, అలల దెబ్బకు గట్టు కరిగిపోకుండా చూసుకోవడం మరో ఎత్తు. ఖర్చూ కష్టమూ ఎక్కువగా ఉండేది ఈ రెండోదానిలోనే.

ఈ బండికి మూలపురుషుడు అమెరికాకు చెందిన మోటోక్రాస్ రైడర్ క్లేటన్ జాకబ్‌సన్. ఆయన ఆలోచన ఆధారంగా కెనడాకు చెందిన బొంబార్డియర్ సంస్థ 1968లో సీ-డూ అనే బండిని తెచ్చింది. నిలబడి నడిపే జెట్ స్కీని కవాసాకి 1973లో మార్కెట్‌లోకి దించింది. బయటికి కనిపించే ప్రొపెల్లర్ దీనికి ఉండదు. బండి అడుగునున్న జాలీ గుండా నీటిని లోపలికి లాగి, ఇంపెల్లర్‌తో వేగంగా వెనక్కి చిమ్ముతుంది. చెరువు లోతు ఎంత ఉండాలో, అందులో కలుపు ఎందుకు ఉండకూడదో తేల్చేది ఆ జాలీయే.

కొలతలు

బండి అడుగున కనీసం 60 నుంచి 90 సెంటీమీటర్ల నీరు లేనిదే ఇంజన్ స్టార్ట్ చేయవద్దని తయారీ సంస్థలు చెబుతాయి. అంతకన్నా తక్కువ లోతులో నడిపితే ఇసుక, గులకరాళ్లు పంపులోకి వెళ్లి ఇంపెల్లర్ అంచులను కొరికేస్తాయి. నిండా నీరున్న రోజును కాదు, నడి వేసవిలో మిగిలే మట్టాన్ని లెక్కలోకి తీసుకుని లోతు నిర్ణయించాలి. పశ్చిమ టెక్సస్‌లో ఏడాదికి ఒకటిన్నర మీటరుకు పైగా నీరు ఆవిరైపోతుంది. రెండెకరాల చెరువులో ఒక్క సెంటీమీటరు తగ్గిందంటే 80,000 లీటర్లు పోయినట్టే. బోరు నీటితో భర్తీ చేద్దామనుకునేవారు ముందు ఈ లెక్క వేసుకోవాలి.

ఆ రెండెకరాలనే 200 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పుతో తవ్వారనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఈ కొస నుంచి ఆ కొసకు 12 సెకన్లలో చేరుతుంది. గట్టు మూడుకు ఒకటి వాలులో ఉంటే, ఒడ్డు నుంచి 3 మీటర్లు లోపలికి వెళ్తేగాని మీటరు లోతు రాదు. అంటే నడపడానికి మిగిలేది 34 మీటర్ల వెడల్పు. ఇంత చోటులో ఒకసారికి ఒక్క బండే తిరగాలి. తిరుగుడు బాట కోసం మధ్యలో దీవి వదిలే పద్ధతి ఒకటుంది కానీ, అది అలలను తిప్పికొడుతుంది, చుట్టూ కోసుకుపోతుంది, ఢీకొట్టుకునే ప్రమాదమూ ఉంది. చిన్న చెరువులో దీవి పెట్టకపోవడమే మేలు.

మట్టి, కట్ట

నేల నీటిని పట్టి ఉంచుతుందో లేదో తేల్చడానికి పాత పరీక్ష ఒకటుంది. నడుము లోతు గొయ్యి తీసి పొద్దున్నే అంచుదాకా నీరు నింపాలి. సాయంత్రానికి కొంత ఇంకుతుంది. మళ్లీ నింపి, పైన ఆకులో రెమ్మలో కప్పి వదిలేయాలి. తెల్లారేసరికి చాలావరకు నీరు అలాగే ఉంటే ఆ నేల పనికొస్తుంది. పరీక్ష ఒక్కచోట చేస్తే చాలదు. చెరువు అడుగున ఒక్క ఇసుక పొర తగిలినా కట్టిందంతా వృథా.

అమెరికా వ్యవసాయ శాఖ చెరువుల నిర్మాణంపై వేసిన 590వ నంబరు కరదీపిక, 1997 నాటి సవరించిన ప్రతి, ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ ఆధారం. బంకమట్టి పాలు తక్కువైన నేలలో మంచి బంకమట్టిని తెచ్చి పరిచి, తగిన తేమతో పొరపొరగా గొర్రెకాళ్ల రోలరుతో దిమ్మిస కొట్టినట్టు గట్టిగా తొక్కిస్తారు. బెంటొనైట్ కలపడం మరో మార్గం. నీరు తగలగానే ఇది అనేక రెట్లు ఉబ్బి మట్టి సందులను మూసేస్తుంది. కట్ట కింద పైమట్టి, వేళ్లు తీసేసి, గట్టి నేల తగిలేదాకా కందకం తవ్వి బంకమట్టితో నింపాలి. వరద నీరు కట్ట మీదుగా పొర్లకుండా అలుగు తప్పనిసరి. కట్ట మీద చెట్లు పెంచకూడదు, ఎంత నీడనిచ్చినా సరే. చెట్టు చచ్చాక కుళ్లిన వేరే నీటికి దారి అవుతుంది.

గట్టు రక్షణ

బండి పూర్తి వేగం అందుకుని నీటి మీద తేలి పోయేటప్పుడు లేచే అల చిన్నది. ముక్కు పైకెత్తి, తోక ముంచుకుని వేగం పుంజుకునేటప్పుడే పెద్ద అల లేస్తుంది. ఇరుకు చెరువులో ప్రతి మలుపు దగ్గరా వేగం తగ్గించి పెంచాల్సిందే కాబట్టి రెండు కొసలూ ఎక్కువ దెబ్బ తింటాయి. పెద్ద సరస్సులో అల దూరం పోయి అణిగిపోతుంది. ఇక్కడ ఒడ్డుకు కొట్టుకుని తిరిగొచ్చి, ఎదురొచ్చే అలతో కలుస్తుంది. నీటిమట్టం దగ్గర గట్టు ముందు గీతలా కోసుకుపోతుంది, తర్వాత ఆ గీత పైభాగం విరిగి పడుతుంది. పడిన మట్టి లోతును పూడుస్తుంది.

ఇందుకు విరుగుడు రాతి కట్టు. తెలుగు నేల మీది పాత చెరువుల కట్టలకు నీటివైపు రాళ్లు పేర్చింది కూడా ఇందుకే. కానీ రాళ్లను నేరుగా మట్టి మీద పోస్తే ప్రయోజనం లేదు. వెనక్కి మళ్లే ప్రతి అలా రాళ్ల సందుల్లోంచి మట్టిని లాక్కుపోతుంది, కొంతకాలానికి రాళ్లు కిందికి జారతాయి. అందుకే మట్టి మీద ముందుగా కంకర పొర గానీ, నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ గానీ పరచాలి. గుండ్రాళ్ల కన్నా ఒకదానికొకటి పట్టుకునే కోణాల రాళ్లు మేలు. వేసవి మట్టం కన్నా కింద నుంచి మొదలుపెట్టి, నిండు మట్టం మీద అల ఎక్కే ఎత్తు దాకా కట్టుకురావాలి. ఒకచోట మాత్రం రాళ్లు లేకుండా బండి దించడానికి కాంక్రీటు వాలు వదలాలి.

కలుపు, నీటి నాణ్యత

ఎండ అడుగుదాకా తగిలే చోట హైడ్రిల్లా వంటి మొక్కలు అల్లుకుంటాయి. ఆ తీగలు జాలీలోంచి లోపలికి పోయి షాఫ్టుకు చుట్టుకుంటే బండి ఆగిపోతుంది. మందు కొట్టేవాళ్లు చెరువంతా ఒకేసారి కొట్టకూడదు. చచ్చిన మొక్కలు కుళ్లుతూ నీటిలోని ప్రాణవాయువును పీల్చేస్తాయి, చేపలు తేలతాయి. భాగాలుగా కొట్టాలి. గడ్డిచేప కలుపును బాగా తింటుంది. టెక్సస్‌లో సంతానోత్పత్తి లేని రకాన్నే, అదీ అనుమతి తీసుకుని వదలాలి. చుట్టుపక్కల పొలాల ఎరువు వానతో కొట్టుకొస్తే నాచు ప్రబలుతుంది కాబట్టి, నీరు దిగే దారిలో గడ్డి పట్టీ ఉంచడం మందుల కన్నా చవక.

పాత కార్బ్యురేటర్ టూ-స్ట్రోక్ బండ్లు ఇంధనంలో గణనీయమైన భాగాన్ని కాల్చకుండానే నీటిలోకి వదిలేవి. టాహో సరస్సులో 1999లో అలాంటి ఇంజన్లను నిషేధించింది అందుకే. నీరు మారని సొంత చెరువులో వాటిని అసలు దించకూడదు.

భద్రత

యాక్సిలరేటర్ వదిలేస్తే నీటి చిమ్ము ఆగుతుంది, దాంతో బండి తిరగడం కూడా ఆగుతుంది. భయపడి చేయి వదిలిన కొత్తవారు నేరుగా ఒడ్డుకు ఢీకొట్టేది ఇందువల్లే. సీ-డూ 2009లో బ్రేకు తెచ్చినా, బ్రేకు లేని బండ్లు నేటికీ చాలా ఉన్నాయి. లైఫ్ జాకెట్, మణికట్టుకు కట్టుకునే ఇంజన్ కట్-ఆఫ్ తాడు లేకుండా ఎవరినీ ఎక్కించకూడదు. వెనక కూర్చున్నవారు జారి పడితే నీటి చిమ్ము శరీరంలోపలికి దూరి తీవ్ర గాయాలవుతాయి. కాబట్టి మామూలు ఈత దుస్తులు చాలవు, వెట్‌సూట్ కిందిభాగం ఉండాలి. వేడెక్కిన మంచినీటిలో నెగ్లేరియా ఫౌలెరి అనే అమీబా ఉండవచ్చు. అది ముక్కు ద్వారా మెదడుకు చేరితే ప్రాణాలు దక్కడం చాలా అరుదు. నడి వేసవిలో ముక్కు క్లిప్పు వాడాలి.

ప్లాస్టిక్ షీటు పరిచిన చెరువులైతే మరో ప్రమాదం. తడిసిన షీటు మీద కాలు నిలవదు, ఈత వచ్చినవారు కూడా పైకి ఎక్కలేరు. తెలుగు రాష్ట్రాల్లో రైతులు తవ్వించే నీటి కుంటలకూ ఇది వర్తిస్తుంది. నాలుగు వైపులా ముడులు వేసిన తాళ్లో నిచ్చెనలో వేలాడదీయాలి, చుట్టూ కంచె వేయాలి.

అనుమతులు

భూమి సొంతమైనా నీరు సొంతం కాకపోవచ్చు. టెక్సస్‌లో వాగుల్లో పారే నీరు ప్రభుత్వానిది. ఇంటి, పశువుల అవసరాలకు 200 ఎకరా-అడుగుల లోపు నిలుపుకుంటే పర్మిట్ అక్కర్లేదు గానీ, కేవలం వినోదానికి వాగును ఆపేవారికి ఆ మినహాయింపు లేదు. 1972 నాటి స్వచ్ఛ జల చట్టం పరిధిలోకి వచ్చే వాగుల్లో, చిత్తడి నేలల్లో మట్టి పోయడానికి ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ అనుమతి కావాలి. వ్యవసాయ చెరువులకున్న సడలింపు వినోద చెరువులకు వర్తించదు. వాగుకు దూరంగా మెట్టలో తవ్వితే చిక్కులు చాలావరకు తగ్గుతాయి.