బందరు అద్దకమూ, ప్రోగ్రాములు రాసే యంత్రమూ

బందరు కలంకారీని గురించి రాసేవారు సాధారణంగా రంగుల సొగసుతో మొదలుపెడతారు. నాకు మాత్రం ఆ చరిత్రలో ఈ మధ్య వేరొక ప్రశ్న కనిపిస్తోంది: ఒక ఊరి చేతిపనిని చూసి విద్య నేర్చినవాడు ఆ ఊరికి ఏమి బాకీ పడతాడు?

1611లో ఇంగ్లీషువారు, అంతకు కొద్ది యేళ్ళ ముందే డచ్చివారు, 1669లో ఫ్రెంచివారు బందరులో వర్తకశాలలు పెట్టారు. అద్దకపు బట్టలు ఓడలకెక్కాయి. తమ నేతగాళ్ళ గగ్గోలు విని ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది. ఇంగ్లండు 1700లోనూ, 1721లోనూ చట్టాలు చేసింది. బట్టను ఆపారు గాని విద్యను ఆపలేదు. 1676లోనే విలియం షెర్విన్ ఈ తరహా అద్దకానికి ఇంగ్లండులో పేటెంటు పొందాడు. 1742లో కేర్దూ అనే జెస్యూట్ పాదిరి, క్రైస్తవం పుచ్చుకున్న పనివారిని అడిగి తెలుసుకుని, కోరమాండల్ తీరపు అద్దకం విధానాన్ని ఉత్తరంగా రాశాడు. రాసినవాని పేరు చరిత్రకెక్కింది. చెప్పినవారి పేర్లు ఎక్కలేదు.

ఆ ఉత్తరానికీ ఒక హద్దుంది. కరక్కాయా పాలూ కలిపి బట్టను నానబెట్టడం, పటిక అద్దినచోట చిరివేరు ఎరుపెక్కడం, ఇనుమూ బెల్లమూ ఊరిన నీరు నలుపునివ్వడం కాగితానికెక్కుతాయి. రంగు ఎప్పుడు నిలిచిందో చేతికే తెలుస్తుంది.

ఈనాడు గుడివాడ నుంచీ, దివిసీమ నుంచీ వెళ్ళిన మన పిల్లలెందరో ప్రోగ్రాములు రాసి బతుకుతున్నారు. వారి పక్కన 2021లో గిట్‌హబ్ కోపైలట్ వచ్చి కూర్చుంది. బహిరంగంగా ఉంచిన ప్రోగ్రాములను చదివి నేర్చిన యంత్రమది. ఆ యేడే న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అది రాసిన 1,689 ప్రోగ్రాములను పరీక్షిస్తే సుమారు 40 శాతంలో భద్రతాలోపాలు కనిపించాయి. ఉతికి చూడని అద్దకం వంటిదే పరీక్షించని ప్రోగ్రాము.

చట్టం సంగతి. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. అది పేరును కాపాడుతుంది. అదే పువ్వును స్క్రీన్ ప్రింటింగులో చవకగా దించేవాడు ఆ పేరు పెట్టుకోకూడదు, అంతే. పువ్వును దించకుండా ఆ చట్టం ఆపలేదు. కాపీరైటూ అంతే: రాసిన తీరును కాపాడుతుంది, పద్ధతిని కాదు. కంప్యూటరు పుట్టించిన రచనకు, దానిని పుట్టించడానికి కారకుడైన వ్యక్తే కర్త అని మన 1957 నాటి చట్టం 1994 సవరణతో చెప్పింది. కర్త మనిషే కావాలని వాషింగ్టన్ అప్పీలు కోర్టు 2025లో తీర్పిచ్చింది. కర్తృత్వం మనిషిదైతే లోపానికి జవాబు చెప్పవలసిందీ మనిషేనని నేననుకుంటాను.

2022 నవంబరులో కొందరు ప్రోగ్రామర్లు కోపైలట్‌పై కాలిఫోర్నియాలో దావా వేశారు. తమ ప్రోగ్రాములను ఎవరైనా వాడుకోవచ్చునని వారు ముందే అనుమతి ఇచ్చారు. అడిగినదల్లా రాసినవారి పేరూ, షరతులూ చెరపకుండా ఉంచమని. యంత్రం వాటిని చెరిపేసిందన్నది వారి ఫిర్యాదు. చాలా వాదనలను న్యాయస్థానం 2024లో కొట్టివేసింది.

కేర్దూకు విద్య చెప్పిన పనివారు పేరు నిలపమని షరతు పెట్టలేదు. వీరు పెట్టారు. అడిగిన బాకీ పేరు ఒక్కటే అయినప్పుడు, దానిని తీర్చడానికి చట్టం బలవంతం చేసేదాకా ఆగనక్కరలేదు.