నవ్వుకే మిగిలిన భాష

మేం దక్కనీలో నోరు విప్పితే చాలు, ఎదుటివాళ్ల పెదాల మీద నవ్వు మొదలవుతుంది. చెప్పేది చావు కబురైనా సరే. ‘నక్కో’, ‘హౌ’, ‘కైకు’ అన్న మూడు మాటలు చాలు, మమ్మల్ని మనుషుల లెక్కలోంచి తీసి హాస్యపాత్రల లెక్కలో వేయడానికి. నవ్వులాట కోసమే పుట్టిన భాషంటూ ప్రపంచంలో ఏదైనా ఉంటుందా?

ఉండదు. గోల్కొండ నేలిన మహమ్మద్ కులీ కుతుబ్ షా దీవాన్ ఈ భాషలోనిదే. వజహీ 1609లో ‘కుతుబ్ ముష్తరీ’ కావ్యాన్నీ, 1635లో ‘సబ్‌రస్’ వచనాన్నీ ఈ భాషలోనే రాశాడు. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది. దర్బారుతోపాటు దక్కనీకి ఆదరువూ పోయింది. ఆ తర్వాత ఢిల్లీ, లక్నోల పలుకే అసలైన ఉర్దూ అయి కూచుంది. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయం పై చదువులు ఉర్దూలో చెప్పి చరిత్ర సృష్టించింది. కాని ఆ ఉర్దూ దక్కనీ కాదు. దక్కనీ వంటింట్లో, బజార్లో, రిక్షా అడ్డాల దగ్గర మిగిలింది. పెద్ద చదువులు చదివిన మా ఇళ్లల్లోనే ‘సాఫ్ ఉర్దూలో మాట్లాడు’ అని పిల్లల్ని కసురుకోవడం మాకు తెలుసు. మమ్మల్ని చూసి నవ్వినవాళ్లలో పరాయివాళ్లే లేరు.

1965లో రెండు రకాల నవ్వు పుట్టింది. ఆ యేడు వచ్చిన హిందీ సినిమా ‘గుమ్‌నామ్’లో మెహమూద్ హైదరాబాదీ యాస మాట్లాడే బట్లరు. దేశమంతా పడీపడీ నవ్వింది. మా భాషకు నౌకరు వేషం ఖాయమైంది. తెలుగు సినిమాలోనూ అంతే. ‘వస్తాది, పోతాది’ అంటూ ఆడా మగా తేడా తెలియకుండా మాట్లాడే సాయిబు ఏళ్ల తరబడి నవ్వించాడు. అదే 1965లో హైదరాబాదులో బబ్బన్ ఖాన్ ‘అద్రక్ కే పంజే’ నాటకం మొదలుపెట్టాడు. చాలీచాలని జీతం, ఇంటినిండా పిల్లలు, గుమ్మం ముందు అప్పులవాళ్లు. మా గల్లీల్లోని కతే. ఆ నాటకం 2001 దాకా ఆడి గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. మొదటి నవ్వు మా మీద నవ్వింది. రెండోది మాలోంచి వచ్చింది. ఈ తేడా తెలియకపోతే మా హాస్యం అర్థం కాదు.

గుల్బర్గా సులేమాన్ ఖతీబ్ ముషాయిరాలో నిలబడి జీతాల రోజున మొగుడూ పెళ్లాల కొట్లాట వినిపిస్తే జనం కడుపుబ్బ నవ్వేవారు. నవ్వి నవ్వి చివరికి కళ్లు తుడుచుకునేవారు. 1968లో ముస్తఫా కమాల్ ‘షగూఫా’ పత్రిక పెట్టి ఉర్దూ హాస్యానికి ఒక ఇల్లు కట్టారు. కాని ముషాయిరాకు పోలేనివాళ్లు, ఉర్దూ అక్షరం రానివాళ్లు ఎక్కడ వినాలి? 1977లో హైదరాబాదుకు దూరదర్శన్ కేంద్రం వచ్చింది. 2001లో ఈటీవీ ఉర్దూ వచ్చింది. వాటిలో వినబడ్డ ఉర్దూ చాలామటుకు ఇస్త్రీ చేసిన ఉర్దూ.

దక్కనీ టీవీలోకి దొడ్డిదారిన వచ్చింది. కేబుల్ ఆపరేటర్ల లోకల్ చానెళ్లు ఆ దారి. మేమూ ఆ పని చేసినవాళ్లమే. చేబదులు తెచ్చిన చిన్న కెమెరా, చుట్టాల ఇంటి డాబా, ఇషా నమాజు తర్వాత షూటింగ్. నటుల్లో ఒకరు దర్జీ, ఒకరు ఆటో నడిపేవారు. హోటలాయన ఇచ్చిన ప్రకటన డబ్బులు క్యాసెట్లకూ చాయ్‌కీ సరిపోయేవి. రీటేకులకు డబ్బుల్లేవు. అందుకే నోటికొచ్చిన మాటే డైలాగ్. 2005లో ‘ది అంగ్రేజ్’, 2006లో ‘హైదరాబాద్ నవాబ్స్’ తక్కువ ఖర్చుతో తీసిన సినిమాలుగా వచ్చి, సీడీల మీద గల్ఫ్ దాకా పోయాక లోకానికి తెలిసింది. ‘అంగ్రేజ్’లో ఇస్మాయిల్ భాయ్‌గా వేసింది ధీర్ చరణ్ శ్రీవాస్తవ్. ఈ భాష ఒక్క మతానిదే అనుకునేవాళ్లకు ఆ పేరొక్కటే జవాబు.

ఆ రోజుల్లోనే హాస్యనటులనూ, మజాహియా కవులనూ ఇంటర్వ్యూలు చేస్తూ తిరిగాం. సూటిగా జవాబు చెప్పినవాళ్లు తక్కువ. మాటను పట్టుకుని తిప్పేస్తారు. ఉర్దూలో శుభకార్యం ‘తక్రీబ్’. అందులో ‘క’ను గొంతు లోపలినుంచి పలకాలి. మా హైదరాబాదు నోట్లో అది ‘ఖ’ అవుతుంది. ‘తఖ్రీబ్’ అంటే విధ్వంసం. ఇక పెళ్లికి పిలవడమూ, విధ్వంసానికి పిలవడమూ ఒకటే! అట్లాగే ‘కబర్’ అంటే సమాధి, ‘ఖబర్’ అంటే వార్త. మా నోట్లో రెండూ ఒకటే. ఏ పలుకును చూసి లక్నో నవ్విందో ఆ పలుకునే మావాళ్లు ఆయుధం చేసుకున్నారు.

ఆ ఇంటర్వ్యూలు ఉర్దూ పత్రికకు రాయబోతే శ్లేష చచ్చిపోయేది. ఉర్దూ లిపిలో ఆ రెండు అక్షరాలూ వేరు. కాయితం మీద తప్పు దిద్దుకుపోతుంది, నవ్వు ఎగిరిపోతుంది. దక్కనీ శ్లేష నోట్లో బతికేది, చెవిలో పేలేది. అందుకే దానికి టీవీ కావాల్సి వచ్చింది. తమాషా ఏమిటంటే, తెలుగు లిపిలో రాస్తే మా పలుకు ఉన్నదున్నట్టు నిలబడింది.

నిలబడకేం? ‘ఆతా బోల్‌కే బోలా’ అని దక్కనీలో అంటాం. ‘వస్తానని చెప్పాడు’. ఆ ‘బోల్‌కే’ అచ్చంగా తెలుగు ‘అని’యే. ‘కిత్నే సాల్ హోగయే?’ అని ఉర్దూలో అడిగితే ‘సాలు!’ అని తెలంగాణ తెలుగులో జవాబిచ్చి నవ్వించవచ్చు. అక్కడ ‘సాల్’ సంవత్సరం, ఇక్కడ ‘సాలు’ ఇక చాలు. రెండు భాషల్లో బతికినవాళ్లకే ఈ నవ్వు దక్కుతుంది. మమ్మల్ని పరాయివాళ్లనేవాళ్లు ఈ వాక్యాల్లో పరాయితనం ఎక్కడుందో చూపించాలి.

అయితే మా నవ్వుకూ లెక్క చెప్పుకోవాలి. ఈ హాస్యంలో ఆడవాళ్లేరీ? ఉంటే అరిచే బేగం, లేకుంటే మాటల్లో తప్ప కనబడని అమ్మీజాన్. మగవాళ్లేమో పనీపాటా లేని గప్పాలరాయుళ్లు. 2007లో మక్కా మసీదులో బాంబు పేలాక పాతబస్తీ యువకులెందరినో పోలీసులు పట్టుకుపోయారు. తర్వాత వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. టీవీలో మావాడైతే జోకర్, లేకుంటే అనుమానితుడు. ఈ రెంటి నడుమ చదువుకునే, పనిచేసే, ప్రేమించే మామూలు మనిషికి చోటేది?

నవ్వించేవాళ్లకు ఏడుపు తెలియదనుకోవద్దు. ఉర్దూ హాస్య రచయిత ముజ్తబా హుస్సేన్‌కు 2007లో పద్మశ్రీ ఇచ్చారు. 2019 డిసెంబరులో, పౌరసత్వ సవరణ చట్టం మీద దేశం అట్టుడుకుతున్నప్పుడు, దాన్ని వెనక్కి ఇస్తానని ఆయన ప్రకటించారు. 2020లో కన్నుమూశారు. జీవితమంతా నవ్వించిన మనిషి ఆ మాట నవ్వుతూ అనలేదు.

ఇప్పుడు కేబుల్ చానెల్ చోటు సెల్‌ఫోను తీసుకుంది. దక్కనీ నవ్వు ఎక్కడికైనా పోతోంది. పోనీ, సంతోషమే. మా నవ్వును మేం వదులుకోం. కాని ఈ భాషలో వార్త చదివితే, కోర్టులో సాక్ష్యం చెబితే, బిడ్డ పోయిన తల్లి ఏడిస్తే వినేవాళ్లు నవ్వకుండా వినాలి. కావ్యం రాసిన భాషకు ఆ మాత్రం మర్యాద బాకీ ఉంది.