కోర్నిష్ రహదారులు

ఆగ్నేయ ఫ్రాన్స్‌లో నీస్, మాంతోన్ పట్టణాల మధ్య మధ్యధరా తీరాన, కొండవాలుపై ఒకదాని పైన ఒకటిగా సాగే మూడు దారులు. దూరం సుమారు 30 కిలోమీటర్లే అయినా, ఆగుతూ చూస్తూ వెళ్తే కారులో ఒక పగలు పడుతుంది. దిగువ దారి వీల్‌ఫ్రాంష్ రేవు, మొనాకోల మీదుగా ఒడ్డునే పోతుంది. వేసవిలో రద్దీ విపరీతం. మధ్య దారి కొండకొమ్మున ఉన్న ఎజ్ గ్రామం పక్కగా వెళ్తుంది. ఊళ్లోవన్నీ మెట్ల సందులే కనుక కారు కిందనే నిలపాలి. నెపోలియన్ కాలంలో వేసిన ఎగువ దారి 500 మీటర్ల ఎత్తు దాటుతుంది. దాని మీది లా తుర్బీలో, ఆల్ప్స్ తెగలను జయించిన అగస్టస్ చక్రవర్తి గౌరవార్థం క్రీ.పూ. 6 ప్రాంతంలో కట్టిన రోమన్ స్మారకం ఉంది. ఓడిన తెగల పేర్లన్నీ దానిపై చెక్కించారు. ఫ్రాన్స్‌లో బండ్లు కుడివైపున నడుస్తాయి కాబట్టి, నీస్ నుంచి తూర్పుకు వెళ్లేవారికే సముద్రం పక్కన ఉంటుంది.