పారబోసిన పాత్ర

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై శాంతి, శుభాలు వర్షించుగాక!

ప్రియ ధార్మిక సోదరులారా! ఐక్యరాజ్యసమితి 1987లో చేసిన నిర్ణయం మేరకు ఏటా జూన్ 26న మాదకద్రవ్యాల వ్యతిరేక దినం పాటిస్తున్నారు. మన రాష్ట్రంలోనూ ‘డ్రగ్స్ వద్దు బ్రో’ అంటూ పిల్లలకు బోధిస్తున్నారు. ఈ బోధ అవసరమే. అయితే అది ఎప్పుడు ఫలిస్తుందో చరిత్రను అడిగి తెలుసుకుందాం.

ఆదోని, ఎమ్మిగనూరు బళ్ళారి జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలయింది. 1953లో మన ప్రాంతం ఆంధ్ర రాష్ట్రంలో చేరింది. కాలక్రమేణా ఆ నిషేధం సడలిపోయింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో అదీ సడలింది. చట్టం రెండుమార్లు వచ్చి, రెండుమార్లు వెనుదిరిగింది.

మదీనాలో అలా జరగలేదు. దివ్య ఖుర్ఆన్ మొదట మద్యంలోని కీడును తెలిపింది. పిదప మత్తులో నమాజును సమీపించవద్దన్నది. చివరకు పూర్తిగా నిషేధించింది. ఆనాడు అబూ తల్హా (రజి) ఇంట పెద్దలకు మద్యం అందిస్తున్నవారు, వారందరిలో చిన్నవారైన అనస్ (రజి). వీధిలో చాటింపు వినబడగానే అబూ తల్హా వాదించలేదు, గడువు కోరలేదు. పారబోయమన్నారు. మదీనా వీధుల్లో మద్యం పారింది. పెద్దలు మానడాన్ని ఆ చిన్నవాడు కళ్ళారా చూశాడు.

సోదరులారా! నేడు మన ఇళ్ళలో ఏం జరుగుతోంది? కుమారుణ్ణి అంగడికి పంపి గుట్కా, సిగరెట్టు తెప్పించుకొనే తండ్రి, గంజాయి హరామ్ అని చెబితే ఆ బిడ్డ చెవికెక్కుతుందా? మత్తు కలిగించే ప్రతిదీ నిషిద్ధమని ప్రవక్త (సఅసం) స్పష్టం చేశారు. పిల్లలకు మత్తుపదార్థాలు ఇచ్చినా, వారిచేత మోయించినా ఏడేళ్ళ వరకు శిక్ష పడవచ్చునని 2015 నాటి బాలల న్యాయచట్టం చెబుతోంది. అమ్మేవారి సంగతి తెలిస్తే 1972 నంబరుకు తెలియజేయండి.

ఇప్పటికే చిక్కుకున్న బిడ్డను వెలివేయకండి. మద్యం త్రాగి పట్టుబడిన వ్యక్తిని ఒకరు శపించగా ప్రవక్త (సఅసం) వారించి, అతనిలో అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉందన్నారు. అతణ్ణి మసీదుకు తోడ్కొని రండి, వైద్యునికి చూపండి. సలహాకు 14446 నంబరు ఉంది.

ముందుగా మన చేతిలోని పాత్రను మనమే పారబోద్దాం. అల్లాహ్ మన సంతానాన్ని కాపాడుగాక! ఆమీన్.