ఎలుకల మూర్ఛలో మస్తిష్క వల్కలం పాత్ర

మెదడు పైపొరైన మస్తిష్క వల్కలంలో మూర్ఛ ఎక్కడ మొదలవుతుంది, ఏ దారిన పాకుతుంది అన్న ప్రశ్నకు ఎలుకలపై జరిగిన పరిశోధన విలువైన సమాధానాలను ఇచ్చింది. 1870లో పరిశోధకులు ఫ్రిట్ష్, హిట్సిగ్ కుక్కల వల్కలానికి విద్యుత్ తాకించి కండరాలు కదలడాన్ని, ఒక్కోసారి మూర్ఛ రావడాన్ని గమనించారు. ఆ కాలంలోనే లండన్‌లో వైద్యుడు హ్యూలింగ్స్ జాక్సన్, రోగి అవయవాలు కొట్టుకునే తీరును బట్టి, మూర్ఛకు మూలం వల్కలంలోనే ఉందని వాదించారు. అయితే కొన్ని సెకన్లు స్పృహ తప్పించి వదిలే ఆబ్సెన్స్ మూర్ఛలో విద్యుత్ తరంగాలు మెదడు రెండువైపులా ఒకేసారి కనిపిస్తాయి కాబట్టి, మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్, జాస్పర్ దాని మూలాన్ని మెదడు లోతుల్లో, ఇంద్రియ సమాచారాన్ని వల్కలానికి చేరవేసే థాలమస్ పరిసరాల్లో వెతికారు. వల్కలానికీ పాత్ర ఉందని 1968లో గ్లోర్ ప్రతిపాదించినా వివాదం తెగలేదు.

ఈ చర్చను ముందుకు నడిపినవి వారసత్వంగా ఆబ్సెన్స్ మూర్ఛ వచ్చే, విస్టార్ అనే ప్రయోగశాల సంతతికి చెందిన ఎలుకలు. స్ట్రాస్‌బర్గ్‌లో పెంచిన గేర్స్, నెదర్లాండ్స్‌లో పరిశోధించిన వాగ్-రై రకాలు వీటిలో ముఖ్యమైనవి. 

2002లో మేరెన్, సహచరులు వాగ్-రై ఎలుకల వల్కలంలోనూ థాలమస్‌లోనూ తరంగాలను ఏకకాలంలో నమోదు చేసి, మూతి, మీసాల చుట్టూ స్పర్శను గ్రహించే వల్కల భాగం మొదటి అర సెకను పాటు థాలమస్ కంటే ముందుంటుందని, ఆ తరువాత రెండూ ఒకదాన్నొకటి నడుపుతాయని చూపారు. 2007లో పోలాక్ బృందం గేర్స్ ఎలుకల్లో అదే ప్రాంతపు లోతు పొరల్లోని న్యూరాన్లే ముందుగా స్పందిస్తున్నాయని కనుగొన్నది. రెండువైపులా ఒకేసారి మొదలైనట్టు కనిపించే మూర్ఛకు నిర్దిష్టమైన మూలస్థానం ఉండగలదని తేలడమే ఈ కృషిలో అతిముఖ్యమైన ఫలితం.

అన్ని మూర్ఛలకూ ఈ వివరణ చెల్లదు. 1985లో పిరెడ్డా, గేల్ వాసనలను గ్రహించే పిరిఫార్మ్ వల్కలపు ముందుభాగంలో, లోతున, అత్యల్ప మోతాదు రసాయనంతోనే మూర్ఛ రేగే చోటును గుర్తించారు. బయటి ప్రేరణతో రేగే మూర్ఛలు మరో రకం: దక్షిణ భారతంలో, అందులోనూ కర్ణాటకలో, తలపై వేడినీళ్లు పోసుకున్నప్పుడు వచ్చే మూర్ఛను అర్థం చేసుకోవడానికి బెంగళూరు నిమ్హాన్స్ పరిశోధకులు ఎలుకల తలపై వేడినీటి ధార పోసి, ఆ ప్రయోగాన్ని 1996లో ప్రకటించారు. పదేపదే పోసినకొద్దీ మూర్ఛ తీవ్రమై, తక్కువ ఉష్ణోగ్రతకే రాసాగింది.