బట్లహళ్ళి పక్క నాటు తుపాకీ: గురి ఎంత దూరం?

చింతామణి, బాగేపల్లి పక్క పాత ఇళ్లల్లో తుపాకీ తాత కథ ఒకటి వినపడతా ఉంటాది. కొండవాలున పరిగెత్తే అడవి పందిని రెండు నూర్ల గజాల దూరంలో ఒకే దెబ్బకు పడేశాడంటారు. నమ్మేదా, కాదా అని తేల్చాలంటే ముందు ఆ తుపాకీ ఏ రకమో చూడాలి.

ఇండ్లలో దాన్ని రైఫలు అనేస్తారు. రైఫలైతే గొట్టం లోపల మెలికలుగా గాడులుండాలి. గుండు ఆ గాడుల వెంట బొంగరం మాదిరి తిరుగుతా పోతాది, అందుకే దోవ తప్పదు. చెనక్కాయ చేనికి కాపలా ఉండిన నాటు తుపాకీ గొట్టం మామూలుగా లోపల నున్నగా ఉంటాది. మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, గజంతో దట్టించాల. (ఆ ఇనప కడ్డీ పేరూ గజమే, దూరం కొలిచేదీ గజమే!) పైరు కాపలాకు ఇట్లాంటి తుపాకీకి లైసెన్సు ఇచ్చే మాట 1959 ఆయుధాల చట్టంలోనే ఉంది.

నున్నటి గొట్టం గురి ఎందుకు తప్పుతుందో తేల్చినాయన బెంజమిన్ రాబిన్స్. 1742లో ఫిరంగి విద్య మీద పుస్తకం రాశాడు. ఆ తర్వాత పలచటి కాగితపు తెరలు వరసగా నిలబెట్టి, వాటి గుండా కాల్చి, చిల్లులు చూసి గుండు గాలిలో ఎటు ఒంగుతుందో కొలిచాడు. గుండు గొట్టం పక్కకు రాసుకొని ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది, ఆ తిరుగుడుకు గాలి దాన్ని పక్కకు తోస్తుంది అన్నాడు. ఆయన మన దిక్కుకే వచ్చి పోయినాడు: ఈస్టిండియా కంపెనీ కోటలు బాగుచెయ్యడానికి వచ్చి, 1751లో కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో చనిపోయాడు.

1791లో నందిదుర్గం మీదికి కారన్‌వాలిస్ దండు వచ్చినప్పుడు రెండు పక్కలా ఉండినవి మూతి మందు తుపాకులే. ఇంగ్లీషు సిపాయి తుపాకీ గొట్టం ముక్కాలు అంగుళం వెడల్పు, గుండు దానికన్నా సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు సన్నం. కావాలనే అట్ల చేసినారు. కాలిన మందు బరువులో సగానికి పైగా గట్టి పదార్థంగానే మిగిలి, కొంత మసై గొట్టానికి పట్టుకుంటాది. గుండు బిగువుగా ఉంటే పదో దెబ్బకు లోపలికి దిగదు. ఆ సందే గురిని చెడగొట్టేది. అలాంటి తుపాకీ ఎనబై గజాల్లో మనిషిని తగులుతుంది, నూరు గజాల్లో తగిలితే తగలొచ్చు, నూట యాబై అంటే వాడి కర్మ అని కర్నల్ హ్యాంగర్ 1814లో రాసిన దాని సారం.

కాబట్టి తాత పందిని కొట్టే ఉంటాడు. దూరం మాత్రం కథలో పెరిగింది. యాబై గజాలంటే నేను ఒప్పుకుంటాను.

విదేశాల్లో లైసెన్సుతో రేంజికి పోయే మన పిల్లలు కొత్త నకలు తుపాకీతో దీన్ని పరీక్ష చేసుకోవచ్చు. తుపాకీని దిమ్మె మీద ఆనించి, యాబై గజాల్లో కాగితం మీద అయిదు దెబ్బలు. ప్రతిసారీ మందు ఒకే కొలత, దెబ్బ దెబ్బకూ గొట్టం తుడుపు. దూరంగా పడిన రెండు చిల్లుల మధ్య కొలవండి. తర్వాత గుండుకు నూనె గుడ్డ చుట్టి మళ్ళీ అయిదు. ఒకసారికి ఒక్కటే మార్చాల, లేకుంటే ఏది పనిచేసిందో తెలియదు.

అటక మీది పాతదాన్ని మాత్రం కాల్చొద్దు. ఎప్పుడో దట్టించిన మందు అందులోనే ఉండొచ్చు. మూతికి ఎదురుగా నిలబడకుండా, పక్కనుంచి కట్టెపుల్లను మెల్లగా లోపలికి దింపి గుర్తు పెట్టి, బయట పెట్టి చూస్తే పుల్ల కొన నిప్పు రంధ్రం దాకా రావాల. రాకుంటే లోపల ఏదో ఉన్నట్టే. ముట్టకుండా పోలీసు స్టేషనుకు చెప్పండి.